చిన్న ఆవిరియంత్రమునకు మెరుగు, రంగు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములందు కావ్యములను గూర్చియు, పురాణములను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేటి విషయము వానికి దూరముగా తోచవచ్చును. అరచేతిలో ఇమిడెడి ఆవిరియంత్రము నొకదానిని చేసినవాడు దాని భాగములకు మెరుగు పెట్టి రంగు వేయుట యెట్లు, ఆ పనిలో తగినదేది, తగనిదేది అనునదియే ఈ ప్రసంగ విషయము. ఇది పిల్లల బొమ్మల ముచ్చట యని త్రోసివేయుటకు వీలులేదు. చేతిపని యేదైనను దాని కడపటి దశయందే పనివాని ఓర్పునకును నిజాయితీకిని పరీక్ష జరుగును. యంత్రము తిరుగుటతో సగము మంది తృప్తిపడి చాలించుదురు. మిగిలిన సగములో పెక్కుమంది తొందరపడి చెడగొట్టుదురు. తుదిదాక ఓపికతో నిలుచువారు కొలదిమందియే.

నమూనా యంత్రము అల్పమైన వస్తువు కాదనుటకు చరిత్రయే సాక్షి. స్కాట్లండు దేశమందలి గ్లాస్గో విశ్వవిద్యాలయమున న్యూకోమెన్ ఆవిరియంత్రపు చిన్న నమూనా యొకటి పాఠము చెప్పుటకై యుండెడిది. అది సరిగా నడవకుండుటచే 1763-64 చలికాలమున దానిని బాగుచేయు పని జేమ్స్ వాట్ చేతికి వచ్చెను. అతడు ఆ విశ్వవిద్యాలయమునకు గణిత పరికరములు చేసియిచ్చెడి పనివాడు. నమూనాను బాగుచేసి నడిపించి చూడగా, అది కొలది సార్లు కదలి బాయిలరులోని ఆవిరి చాలక ఆగిపోవుచుండెను. ప్రతి కదలికకును సిలిండరు వేడెక్కుట, చల్లని నీటితో చల్లారుట, తిరిగి వేడెక్కుట జరుగుచుండెననియు, ఆవిరిలో అధికభాగము ఆ లోహమును కాచుటకే వ్యయమగుచుండెననియు వాట్ గ్రహించెను. ఆ విచారమే 1765 లో ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చవలెనను ఊహకును, 1769 లో అతని పేటెంటునకును దారితీసెను. ఆ నమూనా నేటికిని గ్లాస్గో నగరమున హంటేరియన్ మ్యూజియమునందు భద్రముగా నున్నది. లోకపు పరిశ్రమలనే మార్చివేసిన ఆలోచన ఒక చిన్న నమూనా ముందు కూర్చుండి పుట్టినది.

ఇట్టి చిన్నయంత్రములను ఇంటివద్ద చేసికొను విద్య ఇంగ్లండులో బాగుగా వ్యాపించెను. 1898 లో పెర్సివల్ మార్షల్ అనునాతడు 'మోడల్ ఇంజనీర్' అను పత్రికను స్థాపించెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, కార్ఖానా పనివారు ఇట్టివారెల్లరు సాయంకాలపు తీరికలో ఆకురాయి పట్టుట నేర్చిరి. హెన్లీ-ఆన్-థేమ్స్ సమీపమున 1906 లో స్థాపితమైన స్టూవర్ట్ టర్నర్ కంపెనీవారు పోత ఇనుప ముక్కలను, పటములను కట్టగట్టి అమ్మసాగిరి. కొన్నవానికి వచ్చునది యంత్రము కాదు. గరుకుగా నున్న ఇనుప ముక్కలును, కొలతలు వ్రాసిన కాగితమును మాత్రమే వచ్చును. తక్కినదంతయు కొన్నవాని చేతిలోనిదే.

ఆ కంపెనీవారి యంత్రములలో పేరెన్నిక గన్నది 'నెంబరు 10' అను నిలువు యంత్రము. దాని సిలిండరు లోపలి వ్యాసము ముక్కాలు అంగుళము. పిస్టను కదలిక యును ముక్కాలు అంగుళమే. క్రింద పీఠము, పీఠముపై నిలువు స్తంభము, స్తంభపు తలపై సిలిండరు, సిలిండరులో పిస్టను, దానికి వ్రేలాడు కనెక్టింగు రాడ్డు, ఆ రాడ్డు త్రిప్పెడి క్రాంకు, క్రాంకు ఇరుసునకు 3 అంగుళముల ఫ్లైవీలను చక్రము. ఇదియే దాని స్వరూపము. ఈ ప్రసంగములో ముందు వచ్చు మాటలను ఈ యంత్రమును మనసున నుంచుకొని వినిన సుబోధకముగా నుండును.

మొదటి సూత్రము పనుల వరుసను గూర్చినది. రంగు వేయుట కడపటి పని యైనను, దానిని గూర్చిన ఆలోచన మొదటనే యుండవలెను. దస్తావేజు వ్రాయువాడు ముందు చిత్తుప్రతి వ్రాసి, కొట్టివేతలు దిద్దుకొని, పిమ్మట సాపు వ్రాయును. యంత్రమునకును అట్లే చిత్తుకూర్పు, సాపుకూర్పు అని రెండు కూర్పులు కలవు. రంగు లేకుండగనే భాగములన్నిటిని బిగించి, పంపుతో గాలి నెక్కించి యంత్రమును త్రిప్పి చూడవలెను. ఎక్కడ పట్టుచున్నది, ఎక్కడ వదులైనది, ఏ రంధ్రము తప్పినది తెలిసికొని దిద్దవలెను. అన్నియు కుదిరిన తరువాత ప్రతి భాగమునకు ఆనవాలు పెట్టుకొని యంత్రమును పూర్తిగా విప్పివేయవలెను. రంగు అప్పుడు మాత్రమే. ముందుగా రంగు వేసి తరువాత రంధ్రము తొలిచినవాడు రంగును పాడుచేయును, రంధ్రమునును పాడుచేయును.

పోత ఇనుము ఇసుక అచ్చులో పోసినది గనుక దాని చర్మమున ఇసుక రేణువులు కరచుకొని యుండును. అచ్చు రెండు సగములు కలిసిన చోట గట్టువంటి అంచు లేచియుండును. పైపొర త్వరగా చల్లారుటచే కొన్ని చోట్ల లోపలి ఇనుముకంటె గట్టిపడి యుండును. క్రొత్త ఆకురాయిని దానిపై నడిపినయెడల ఒక్క పూటలో పళ్లు అరగిపోవును. అందుచే తెలిసినవారు ముందు ఉలితో గట్టును కొట్టి, పాత ఆకురాయితో చర్మమును తొలగించి, అటుపిమ్మటనే మంచి ఆకురాయిని బయటికి తీయుదురు. అంచులను ఒకే తీరుగా దిద్దవలెను. మూలలలో నున్న వంపులను గుండ్రని ఆకురాయితో సాఫు చేయవలెను. రంగు గరుకును కప్పదు, ఎత్తి చూపును. నిగనిగలాడు రంగు క్రింద చిన్న గుంటయు పెద్దదిగా కనబడును.

ఇచటనే ఈ విద్యలోని ధర్మసూక్ష్మము కలదు. పోతలో చిన్న చిన్న గుంటలు పడుట సహజము. పీఠముపైనను, స్తంభపు ప్రక్కలందును ఉన్న గుంటను లప్పముతో పూడ్చి, ఆరిన పిదప రాచి, రంగు వేయుట దోషము కాదు. ఆ గుంట బలమునకు సంబంధించినది కాదు, చూపునకు సంబంధించినది. కాని అదే పోతలో పగులు కనబడినచో దానిని లప్పముతో పూడ్చుట మోసము. గుంట కప్పదగినది, పగులు కప్పరానిది. సిలిండరులో పగులున్నచో ఆ పోతను ప్రక్కకు నెట్టి వేరొకటి తెచ్చుకొనవలెను. ముప్పది దినములు పడిన పాటు వ్యర్థమైనను సరియే. పైన పటారము, లోన లొటారము అను సామెత మనుష్యులకే గాక యంత్రములకును చెల్లును.

బాయిలరు విషయమున ఈ నియమము ప్రాణసంకటమైనది. చిన్న బాయిలరులను సాధారణముగా రాగిరేకుతో చేసి వెండిమాటుతో అదుకుదురు. దానికి రంగు గాని, పైతొడుగు గాని వేయుటకు ముందే నీటిపరీక్ష జరుపవలెను. గాలి యనునది మిగులకుండ బాయిలరును నీటితో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచి, నడుపదలచిన ఒత్తిడికి రెండింతలవరకు తీసికొనిపోయి నిలిపి చూడవలెను. నీటితోనే యెందుకన, నీరు అదుముడు పడదు గనుక మాటు ఊడినను బొట్టు కారి ఒత్తిడి పడిపోవును. ఆవిరితోనో గాలితోనో పరీక్షించినచో విడిపోయిన రేకు గుండువలె ఎగురును. మాటు దగ్గర చెమ్మ కనబడినదా, రేకు ఉబ్బినదా అని చూచుటకు లోహము కంటికి కనబడుచుండవలెను. రంగు వేసిన పిదప పరీక్షించుట, గాయమునకు కట్టు కట్టిన తరువాత వైద్యుని పిలిచి చూడుమనుట వంటిది.

రంగు నిలుచుట రంగువలన గాక దాని క్రింది నేలవలన అను మాట మన పూర్వులకు క్రొత్త కాదు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము బొమ్మ గీయుటకు ముందు గోడకు పూత సిద్ధపరచు విధమును ప్రత్యేకముగా చెప్పుచున్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకులు దిద్ది, సున్నపు పూత వేసి, ఆ పిమ్మటనే రంగును ముట్టుదురు. హెన్లీ పట్టణపు ఇనుపముక్కకును, కొండపల్లి కఱ్ఱముక్కకును ఈ విషయమున నియమ మొక్కటియే.

ఇనుమునకు నేల సిద్ధపరచుట యనగా మొదట జిడ్డు తీయుట. యంత్రపు పనిలో నూనె అంటని ముక్క యుండదు. వేడినీటిలో బట్టల సోడా కరగించి కడుగవచ్చును. లేదా టర్పెంటైను వంటి ద్రవముతో తుడువవచ్చును. కడిగిన ముక్కను ఆలస్యము లేకుండ ఆరబెట్టవలెను, లేనిచో గంటలోపుననే ఎఱ్ఱని తుప్పు పొటమరించును. జిడ్డు తీసిన తరువాత వట్టి వ్రేళ్లతో ముట్టుకొనరాదు. వ్రేలి చెమటలోని ఉప్పును నూనెయును రంగు క్రింద చిక్కుపడి, కొన్ని మాసములకు అక్కడనే రంగు పొక్కును. పరిశుభ్రమైన గుడ్డతోనో, రంధ్రములో దూర్చిన పుల్లతోనో పట్టుకొనవలెను.

తరువాతది ప్రైమరను తొలిపూత. ఇనుమునకు రెడ్ ఆక్సైడు తొలిపూత చక్కగా పట్టును. ఇత్తడి, రాగి, అల్యూమినియములకు అది చాలదు. అవి నునుపైనవి గనుక రంగు పొరలుగా లేచిపోవును. వానికై పైపొరను కొంచెము కొరికి పట్టుకొనునట్టి ఆమ్లము గల ఎచ్ ప్రైమరు కలదు. తొలిపూత ఆరిన తరువాత గుంటలకు లప్పము పెట్టవలెను. ఒక్కసారిగా దట్టముగా పెట్టిన లప్పము పైన ఆరి లోన పచ్చిగా నుండి పిమ్మట క్రుంగును. పలుచగా రెండు మూడు సార్లు పెట్టుట మేలు. ఆరినదానిని 400 నుండి 600 వరకు నెంబరు గల తడి గరుకు కాగితముతో, నీటిలో సబ్బు చుక్క వేసికొని రాచవలెను. ఎక్కడనైన ఇనుము బయటపడినచో వెంటనే తుడిచి ఆరబెట్టి అక్కడ తొలిపూత మరల వేయవలెను. వెలుతురును ప్రక్కనుండి పడనిచ్చి చూచినచో మిగిలిన లోపములు నీడలుగా తెలియును.

రంగు ఎక్కడ వేయవలెనో తెలియుటకంటె ఎక్కడ వేయరాదో తెలియుట ముఖ్యము. సిలిండరు లోపలి గోడ, ఆవిరి ద్వారములు గల చదునుముఖము, బేరింగులు, ఇరుసు, పిస్టను కడ్డీ నడచు మార్గము, ఒక భాగము మరియొక భాగముపై కూర్చుండు ముఖములు, మరల రంధ్రములు, వీనిని రంగు తాకరాదు. దీనికి చిన్న లెక్క చాలును. ఆరిన రంగు పూత ఒక్కొక్కటి సుమారు అంగుళములో వెయ్యవ వంతు మందముండును. తొలిపూత, లోపూత, రెండు పైపూతలు కలిసి నాలుగు వెయ్యవ వంతులు. కలిసెడి రెండు ముఖములకును రంగున్నచో ఎనిమిది. ఇరుసునకును బేరింగునకును నడుమ నుండదగిన సందు ఒకటి రెండు వెయ్యవ వంతులు. చిత్తుకూర్పులో వెంట్రుకవాసి తప్పకుండ కుదిరిన యంత్రము సాపుకూర్పులో ఎందుకు బిగిసికొన్నదని విచారించువాడు ఈ లెక్క వేసికొనిన కారణము బోధపడును. పైగా రంగు మెత్తనిది. బోల్టు బిగించిన కొలది అది నలిగి, యంత్రము నడచుచుండగా బోల్టు వదులగును. అందుచే అట్టి ముఖములకు కాగితపు పట్టీ అంటించియు, రంధ్రములలో కఱ్ఱముళ్లు దిగగొట్టియు రంగునుండి కాపాడవలెను.

ఇక పైరంగు. ఎనామిలు రంగును పలుచగా రెండు మూడు పూతలుగా వేయుట మంచిది. పూతకు పూతకు నడుమ ఒక పగలును ఒక రాత్రియు గడువనీయవలెను. వానకారు దినములలో ఇంకను ఎక్కువ కాలము పట్టును. మంచి కుంచెను పొదుపుగా ముంచి, ఒకే దిక్కునకు లాగి, తడి ఆరకముందే విడిచిపెట్టవలెను. వేసినచోట మరల మరల తిప్పినచో కుంచె గీతలు మిగులును. ధూళి రంగునకు పరమశత్రువు. గదిలో నేలపై నీళ్లు చల్లి, కొంతసేపు గాలి నిలువనిచ్చి, పిమ్మట రంగు వేసి, ముక్కపై శుభ్రమైన పెట్టెను బోర్లించిన దుమ్ము పడదు. సెల్యులోసు రంగుపై ఎనామిలు వేయవచ్చును గాని, ఎనామిలుపై సెల్యులోసు వేయరాదు. సెల్యులోసులోని ద్రావకము క్రింది ఎనామిలును కదలించి ముడుతలు పడవేయును. ఈ ద్రావకముల ఆవిరులు నిప్పునకు సులభముగా అంటుకొనును, ఊపిరికిని హాని చేయును. వంటయింటిలోను, దీపము దాపునను ఈ పని కూడదు.

చిన్నయంత్రమున రంగు పలుచగా నుండవలెననుటకు మరియొక కారణము కలదు. అసలు యంత్రములో పండ్రెండవ వంతుగా చేసిన నమూనాపై ఒక మిల్లీమీటరు రంగుబొట్టు గడ్డకట్టినచో, అది పెద్ద యంత్రముపై 12 మిల్లీమీటర్ల గడ్డతో సమానము. అట్లే అతిగా మెరయు రంగు నమూనాను బొమ్మవలె కనబరచును. కొలత తగ్గినపుడు మెరుపును తగ్గవలెను.

వేడి తగులు భాగముల సంగతి వేరు. చదరపు అంగుళమునకు 50 పౌనుల ఒత్తిడి గల ఆవిరి సుమారు 148 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కలిగియుండును. పొగగొట్టము దానికంటె ఎంతయో ఎక్కువగా కాగును. అచట సాధారణపు ఎనామిలు కమిలి నల్లబడి రాలిపోవును. వేడికి ఓర్చు నల్లరంగు వేయుటయే తగును. సిలిండరు చుట్టును టేకు, మహాగని వంటి కఱ్ఱ పేళ్లను వరుసగా పేర్చి, ఇత్తడి పట్టీలతో బిగించుట ఆచారము. చూచువారు దానిని అలంకారమని తలంతురు. కాని అది వస్త్రము. వస్తువు చిన్నదగు కొలది దానిలోపలి పరిమాణముతో పోల్చగా చుట్టుకొలత వైశాల్యము పెరుగును. 12 అంగుళముల సిలిండరుకంటె ముక్కాలు అంగుళపు సిలిండరు తనలోని ఆవిరికి 16 రెట్లు ఎక్కువ లోహముఖమును చూపును. చిన్నవాడు చలికి ముందుగా వణకునట్లు చిన్న సిలిండరు ముందుగా చల్లారును. గ్లాస్గో నమూనాలో వాట్ కనుగొన్న రహస్యములలో ఇదియు నొకటి.

పూర్వము ఈ తొడుగు క్రింద ఆస్బెస్టాసు నారను నింపెడివారు. అది ఊపిరితిత్తులలో ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించునని తేలినది. బ్రిటనులో 1999 నాటికి దాని వాడకమును పూర్తిగా నిషేధించిరి. అట్లే పాత యంత్రములపై రెడ్ లెడ్ అను సీసపు సిందూరము తొలిపూతగా నుండుట కలదు. సీసము విషము, పసిపిల్లలకు మరింత విషము. పాత యంత్రము చేతికి వచ్చినచో ఎండుగా రాచి దుమ్ము లేపరాదు. తడిపియే రాచవలెను, ఆ గుడ్డలను పిల్లలకు అందనీయరాదు. పాతదానియందు గౌరవ మెంతయున్నను దానిలోని విషమును కూడ గౌరవింప నక్కరలేదు.

రంగు వేయని లోహభాగములు, అనగా కనెక్టింగు రాడ్డు, క్రాంకు, పిస్టను కడ్డీ, చక్రపు అంచు, మెరుగుతోనే శోభించును. ఆకురాయిని అడ్డముగా పట్టి పొడవునకు లాగినచో లేతుయంత్రపు గీతలు పోవును. తరువాత ముతకనుండి సన్నమునకు వరుసగా ఎమరీ కాగితములు మార్చవలెను. ముందరి కాగితపు గీతలు పూర్తిగా పోకుండ తరువాతి కాగితమును ముట్టరాదు. కాగితమును చదునైన కఱ్ఱకు చుట్టి రుద్దవలెను. వట్టి వ్రేళ్లతో రుద్దినచో అంచులు గుండ్రమై, రాడ్డు చప్పరించిన చెరకుముక్కవలె నుండును. ఎమరీ పొడి యంత్రమునకు గూఢశత్రువు. కంచు బేరింగు మెత్తనిది గనుక ఆ రేణువులు అందులో గుచ్చుకొని, తిరుగుచున్న ఉక్కు ఇరుసును దినదినము కోయును. మెరుగు పెట్టిన ప్రతి భాగమును కూర్చుటకు ముందు కిరసనాయిలుతో కడిగి తీరవలెను. చిన్న మరలకు నీలపు వన్నె కావలెనన్నచో మెరుగు పెట్టి సన్నని సెగపై కాచవలెను. ఉక్కు 220 డిగ్రీల దాపున ఎండుగడ్డి రంగు, 280 దాపున ఊదా, 300 దాపున నీలము తాల్చును. నీలము రాగానే నూనెలో వేయవలెను. క్షణము ఉపేక్షించిన ఆ వన్నె బూడిదరంగుగా మారిపోవును.

ఏ రంగు వేయవలెనను ప్రశ్నకు చరిత్రను అడుగుట మంచిది. 1829 లో రెయిన్‌హిల్ పందెములో గెలిచిన స్టీఫెన్‌సన్ 'రాకెట్' యంత్రము పసుపుపచ్చని దేహమును, తెల్లని పొగగొట్టమును కలిగియుండెను. విలియం స్ట్రౌడ్లీ అను రైల్వే ఇంజనీరు తన యంత్రములకు వేయించిన రంగునకు 'మెరుగుపరచిన ఇంజను ఆకుపచ్చ' అని పేరు. చూచుటకు అది బంగారు గైరికపు వన్నె. పేరు పచ్చ, రూపు పసుపు! అతని 'గ్లాడ్‌స్టన్' అను 1882 నాటి యంత్రము యార్కు నగరమందలి రైల్వే మ్యూజియమున చేరియున్నది. మిడ్‌లండ్ రైల్వేవారి ముదురెఱుపు ప్రసిద్ధము. 1938 జూలై 3 వ తేదీన గంటకు 126 మైళ్ల వేగము నందుకొన్న 'మాలర్డ్' నీలవర్ణము కలది. ఒకచోట నిలిచి పనిచేయు యంత్రములకు ముదురాకుపచ్చ గాని, ముదురెఱుపు గాని ఒప్పును. నమూనా చేయువాడు ఏదో యొక అసలు యంత్రమును అనుసరించుచున్నచో దాని వన్నెనే వెదకి పట్టవలెను. అట్లు కానిచో ఒక రంగును, నలుపును, లోహపు సహజకాంతియు చాలును. తిరునాళ్ల రాట్నమునకు వేసినట్లు ఐదారు రంగులు వేయుట తగదు.

అంచులవెంట సన్నని గీతలు దిద్దుట ఈ విద్యలో కడు కష్టమైన భాగము. పటములు గీయువారు వాడు రెండు పళ్ల గీతల కలమే దీనికిని సాధనము. రంగును పాలవలె గాక మీగడపాలవలె చిక్కబరచి, కలపు పళ్ల నడుమ కొంచెముగా నింపి, బద్దను ఆనుకొని, ఊపిరి బిగపట్టి ఒకే లాగుడుతో గీయవలెను. క్రింది ఎనామిలు వారము దినములు ఆరి గట్టిపడియున్నచో, తప్పిన గీతను టర్పెంటైను తడిగుడ్డతో తుడిచి మరల గీయవచ్చును. పచ్చిగా నున్నచో గీతతోబాటు క్రింది రంగును లేచిపోవును. వారము ఆగలేనివాడు నెల దినముల పనిని పోగొట్టుకొనును. నిదానమే ప్రధానము.

అటుపిమ్మట సాపుకూర్పు. రంగు చెదరకుండ మెత్తని గుడ్డ పరచి, ఆనవాళ్ల ప్రకారము ఒక్కొక్క భాగమును కూర్చి, ప్రతి రాపిడిచోటను నూనె చుక్క వేసి, చక్రమును చేతితో త్రిప్పి చూచి, తుదకు ఆవిరి విడువవలెను. దేవాలయ ప్రతిష్ఠలో విగ్రహమునకు కడపట జరుగునది నేత్రోన్మీలనము. శిల్పమంతయు ముగిసి, తప్పులన్నియు దిద్దుకొన్న తరువాతనే కన్ను తెరచుట. ముక్కాలు అంగుళపు పిస్టను మొదటిసారి తనంతట తాను కదలి, చక్రము తిరిగి, సన్నని ఆవిరి ఊపిరి వినబడు ఆ నిమిషము అట్టిదే.

ఈ విద్యకు ధనము కొంచెము కావలెను, కాలము చాల కావలెను, సత్యము అన్నిటికంటె ఎక్కువ కావలెను. రంగు క్రింద ఏమున్నదో చూచువానికి తెలియదు, చేసినవానికి తెలియును. ఆ ఒక్క సాక్షి యెదుట తలవంచుకొనవలసిన అగత్యము లేకుండ పనిచేయుటయే మెరుగు పెట్టుటయందలి మొదటి మెట్టును, చివరి మెట్టును. ఊరిలో వడ్రంగము, కమ్మరము చేయువారి పిల్లలకు ఈ మాట ఇంటిలోనే తెలిసియుండును. పుస్తకముతో పెరుగు పిల్లలకు అది పుస్తకము ద్వారా తెలియవలెను. పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము కావ్యముల ప్రక్కన చేతిపనుల గ్రంథములకును చోటిచ్చుట శుభసూచకము. ఆ అరలోని పుస్తకమును తీసికొనిపోయిన బాలుడు దానిని నూనె మరకలతో తిరిగి తెచ్చినచో గ్రంథపాలకుడు కోపగించుకొనక, ఏమి చేసితివి నాయనా, చూపుమని అడుగుగాక.

శుభమస్తు.